రెండో మూల

ఇస్త్రీ మెషీనుకి మనుషులు ఇద్దరు కావాలి. తడి దుప్పటిని చెరో మూల పట్టుకుని, ముడత లేకుండా లాగి, తిరుగుతున్న రోలర్ నోటికి ఇద్దరూ ఒకేసారి అందించాలి. ఒక చెయ్యి ముందూ ఒక చెయ్యి వెనకా అయిందంటే దుప్పటి వంకరపోతుంది, అవతల మడతపెట్టేవాళ్లు ఇవతలి వాళ్ల వంశాన్నంతా తలుచుకుంటారు. ఆసుపత్రుల నుంచీ హోటళ్ల నుంచీ లారీల్లో వచ్చిపడే దుప్పట్లను ఉతికి, పిండి, ఇస్త్రీ చేసి పంపే పెద్ద లాండ్రీ అది. అక్కడ పెద్ద మెషీను దగ్గర ఎడమ మూల ఇంజనుది, కుడి మూల వదినది.

ఇంజను అంటే మనిషే. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి లేకపోలేదు గానీ, పొద్దున హాజరు పిలిచేటప్పుడు తప్ప దానితో ఎవరికీ పనిపడలేదు. నోట్లోంచీ ముక్కులోంచీ ఎప్పుడూ పొగ వదులుతుంటాడని ఎవరో ఆ పేరు తగిలించారు, అదే ఖాయమైపోయింది. వదిన సంగతీ అంతే. ఆవిడ అసలు ఎవరికి వదినో ఎవరికీ తెలియదు. అందరూ వదినా అంటారు, ఆవిడ మగవాళ్లందర్నీ మరిదీ అంటుంది, ఆ లాండ్రీలో చుట్టరికాలు అలా సులువుగా తేలిపోయాయి.

ఆ సోమవారం మొదటి లారీ సరుకు సగానికి వచ్చేసరికి మేస్త్రి వెనక తలుపు దగ్గర నిలబడి, రెండు వేళ్లు పెదవులకి ఆనించుకున్నాడు. అది సైగ. పొగ తాగేవాళ్లంతా పని వదిలి పెరట్లోకి వెళ్లొచ్చు. అక్కడ బాయిలర్ గది గోడ పక్కన ఒక పొడుగాటి బల్ల ఉంది, దాని మీద కూర్చుని ఒకటి కాల్చుకుని రావచ్చు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. అన్నం వేళ తప్ప ఆ లాండ్రీలో ఒళ్లు వాల్చడానికి ఉన్న వీలు అదొక్కటే. మేస్త్రికి కూడా ఆ అలవాటు ఉంది కాబట్టి, అది మనిషి ఆపుకోలేని అవసరాల్లో ఒకటని ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు.

సైగ కనబడగానే వదిన ఎడమ చెయ్యి దానంతటదే చాపుకుని ఇంజను పట్టుకున్న మూల అందుకుంది. ఇంజను మాత్రం వదల్లేదు. ఒకే మూల మీద రెండు చేతులు పడ్డాయి. వదిన తలెత్తి చూసింది.

"వెళ్లవా?"

"మానేశా వదినా."

ఆవిడ ఆ మూల వదిలేసి తన పక్కకి జరిగింది. మానేశాననడం ఆవిడ ఇదివరకూ విన్నదే. ఏడాదికోసారి మానేసేవాడు, సాయంత్రానికి మళ్లీ మొదలుపెట్టేవాడు.

ఈసారి అలా కుదరదని ఇంజనుకి తెలుసు. బూటులో ఎడమకాలి రెండో వేలు నీలంగా మారి ఉంది. శనివారం డాక్టరు అతని చీలమండ మీద వేలు పెట్టి నాడి కోసం చాలాసేపు వెతికాడు. దొరకలేదు. రక్తం దిగడం లేదనీ, ముందు వేలు పోతుందనీ, తర్వాత పాదమనీ, ఆ తర్వాత ఎక్కడిదాకా అన్నది సిగరెట్టు చెప్పాలనీ అన్నాడు. తగ్గించడం కాదు, ఒక్కటి తాగినా తాగినట్టే. సిగరెట్టో కాలో, ఏదో ఒకటే ఉంచుకో. నడిచినప్పుడో నిలబడినప్పుడో పిక్క పట్టేస్తే మాత్రం కాసేపు కూర్చోమన్నాడు. రోజంతా నిలబడి బతికే మనిషికి డాక్టరు ఎంత తేలిగ్గా చెప్పాడో!

బాయిలర్ దగ్గర పనిచేసేవాడు తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి చూశాడు. ఇంజనుకీ బాయిలర్‌కీ బంధుత్వం కాక ఇంకేముంటుందని ఇద్దరూ బావా అంటే బావా అని పిలుచుకుంటారు. రమ్మని చెయ్యి ఊపాడు. ఇంజను తల అడ్డంగా ఊపాడు. సంగతి తెలిసి పెరట్లో అందరూ నవ్వుకున్నారు. ఇకనుంచి వీడు కరెంటు ఇంజనన్నమాట అని ఎవరో అనడం లోపలికి వినబడింది.

నాలుక పిడచకట్టుకుపోయింది. జేబులోంచి లవంగం తీసి నోట్లో వేసుకుందామంటే చేతులు ఖాళీ లేవు. ఒక దుప్పటి పోగానే ఇంకోటి. రోలర్ మీంచి లేచే ఆవిరి కూడా అతని కళ్లకి పొగలాగే కనబడింది, అతను దానికేసి ముక్కు చాపి పీల్చి చూశాడు. సబ్బు వాసన వచ్చింది. ఆ పూటకి మాత్రం ప్రాణం ఉగ్గబట్టుకుని నెట్టుకొచ్చాడు.

సాయంత్రం ఇంటికి వెళ్లగానే భార్య కుట్టుమిషను మీంచి లేచి, అతని చొక్కా కాలరు పట్టుకుని వాసన చూసింది. పెళ్లయిన కొత్తలో ఇలా దగ్గరికి వస్తే సరదాగా ఉండేది. ఇప్పుడు అది గేటు దగ్గర కాపలావాడు సంచీ తడిమి చూడడం లాంటిది. ఏ వాసనా రాలేదు. "చూద్దాం" అని మళ్లీ మిషను దగ్గర కూర్చుంది.

మంగళవారం పిక్క పట్టేసింది. సైగ రాకముందే కాలు రాయిలా బిగుసుకుపోయింది, ఒంటికాలి మీద నిలబడి దుప్పట్లు అందించాడు. సైగ రాగానే అందరితోపాటు తనూ పెరట్లోకి వెళ్లి బల్ల చివర కూర్చున్నాడు. కూర్చోగానే నొప్పి మెల్లగా దిగింది. హాయిగా కళ్లు మూసుకున్నాడు. అయితే కళ్లు మూసుకుంటే ముక్కు మూసుకోదు కదా. అటూ ఇటూ పొగ. బావ మంచివాడు, పొగ అవతలికి తిరిగి వదులుతున్నాడు. అయినా ఆ పొగ చుట్టం చూపుగా వచ్చినట్టు ఇంజను దగ్గరికే వస్తోంది. అతను రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. చేతులు పైనుంటే ఎవరి దగ్గర ఏం లాక్కుంటాయోనని అతనికి భయంగా ఉంది.

మేస్త్రి అతన్ని కాసేపు చూశాడు.

"నీ చేతిలో ఏదీ?"

"మానేశాను కదండీ."

"మరి ఇక్కడ నీకేం పని?"

కాలు నొప్పిగా ఉందని ఇంజను చెప్పాడు. కాళ్లు అందరికీ నొప్పిగానే ఉంటాయన్నాడు మేస్త్రి. ఆయన చెడ్డగా ఏమీ మాట్లాడలేదు, చాలా ఓపిగ్గా విడమరిచాడు. ఇది కూర్చోవడానికి ఇచ్చిన సమయం కాదు, అలవాటున్నవాళ్లు తాగకపోతే పనిచెయ్యలేరని ఇచ్చింది. అలవాటు లేనివాడు వచ్చి కూర్చుంటే అది పని ఎగ్గొట్టడం అవుతుంది. పైగా నువ్వు ఎలాగూ లోపలే ఉంటావు కాబట్టి ఈ కాసేపూ ఆ దిండుగలీబుల మెషీను కూడా చూడు, అక్కడివాడు ఇక్కడ ఉన్నాడుగా అన్నాడు. బల్ల మీద ఆ దిండుగలీబులవాడు కాలు మీద కాలు వేసుకుని, ఇంకా సగం కూడా కాలని సిగరెట్టుని చూసుకుంటున్నాడు. ఇంజను లేచి లోపలికి వెళ్లాడు.

సిగరెట్టు మానేసినందుకు అతనికి దక్కిన బహుమానం అది, రెండు మెషీన్లు.

ఆ సాయంత్రం భార్య కాలరు వాసన చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లి కంచం పెట్టింది. తాగలేదనీ, తాగేవాళ్ల పక్కన కూర్చున్నాననీ, పిల్లల మీద ఒట్టనీ అన్నాడు.

"నేనేమైనా అడిగానా?" అంది భార్య.

అడిగితే బాగుండేది. తిట్టినా బాగుండేది. నమ్మకం అంతా ఖర్చయిపోయిన మనిషి ముందు నిజం చెప్పడం ఎంత కష్టమో ఆ పూట అన్నం తింటుంటే అతనికి బాగా తెలిసింది.

బుధవారం సైగ వచ్చినప్పుడు దిండుగలీబుల మెషీను దగ్గరికి పరుగెత్తాడు. అక్కడినుంచి పెద్ద మెషీను ఎదురుగా కనబడుతుంది. ఎన్నో ఏళ్లుగా అతను ఆ మెషీను దగ్గర నిలబడ్డాడు గానీ, తను లేనప్పుడు అది ఎలా నడుస్తుందో ఎప్పుడూ చూడలేదు. ఆ సమయానికి పెరట్లో ఉండేవాడు మరి.

వదిన ఒక్కతే రెండు మూలలూ పట్టుకుని ఉంది. ఒంటి మంచం దుప్పటైతే ఆవిడ బారకి సరిగ్గా అందుతోంది. రెండు చేతులూ బారచాపి, గడ్డంతో మధ్యలో నొక్కి, రోలర్‌కి అందించేస్తోంది. పెద్ద మంచం దుప్పటి వస్తే ఆవిడ బార చాలదు. అప్పుడు కుడి మూలని మోచేతి కింద పెట్టి మెషీను ముందున్న బల్లకి అదిమి, ఒళ్లంతా ఎడమకి వాల్చి, వేళ్ల కొసలతో రెండో మూల లాగుతోంది. దుప్పటి రోలర్ అందుకునేదాకా కుడి భుజం మీదే బరువంతా. వెంటనే ఇంకోటి.

వదిన కుడి భుజం ఎడమదానికంటే కిందికి ఉంటుంది. చంకలో ఏదో దాచుకుని నడుస్తున్నట్టు ఉంటుంది. ఏం వదినా, చంకలో ఏం పట్టుకుపోతున్నావు, గేటు దగ్గర చూపించు అని ఇంజను ఎన్నోసార్లు ఆటపట్టించాడు. ఆవిడ నవ్వేది. పుట్టుకతోనే అలా ఉందనుకున్నాడు. ఇంట్లో ఏదైనా దెబ్బ తగిలిందేమో అనుకున్నాడు. ఇన్నేళ్లుగా తను పొగ తాగి వచ్చేసరికి మెషీను ఒక్కరోజు కూడా ఆగి లేదంటే, దాన్ని ఆగకుండా చూసిందెవరన్న ప్రశ్న అతని బుర్రకి తట్టనే లేదు.

సిగ్గేసింది. ఆ సిగ్గు ఎంతోసేపు సిగ్గుగా నిలవలేదు, కోపంగా మారింది. నిజం చెప్పాలంటే ఆ కోపంలో ముప్పావు వంతు తన కాలి కోసం, పావు వంతే ఆవిడ భుజం కోసం. కానీ తన కోసం కోప్పడడం కంటే ఇంకొకరి కోసం కోప్పడడం మనిషికి దర్జాగా ఉంటుంది. పైగా మూడు రోజులుగా నోరు కట్టుకుని ఉన్నవాడు, ఏదో ఒకటి వదలాలి, పొగ కాకపోతే మాట.

అన్నం వేళ అందరూ బల్లల దగ్గర డబ్బాలు విప్పుకుని కూర్చున్నప్పుడు అతను మేస్త్రి ముందు నిలబడ్డాడు. పొగ తాగనివాళ్లు మనుషులు కారా, వాళ్లకి కాళ్లూ చేతులూ ఉండవా అని అడిగాడు. ఊపిరితిత్తులు పాడుచేసుకునేవాడికి కూర్చునే హక్కూ, బాగు చేసుకునేవాడికి రెండు మెషీన్లూనా అన్నాడు. గొంతు తనకే కొత్తగా వినబడి ఇంకా పెంచాడు. "వదిన భుజం చూడండి. మేమంతా దమ్ము కొడుతుంటే మా చాకిరీ చేసీ చేసీ ఎలా అయిపోయిందో చూడండి" అని చెయ్యి చాపి చూపించాడు.

అందరూ చూశారు. నోట్లో ముద్ద పెట్టుకోబోతున్న వదిన చెయ్యి ఆగిపోయింది. ఆవిడ తల దించుకుని, భుజం సరిచేసుకోబోయింది. అది సరికాలేదు.

లాండ్రీ యజమాని పెద్దాయనతో మాట్లాడతానని మేస్త్రి డబ్బా మూత పెట్టాడు.

గురువారం పొద్దున వెనక తలుపుకి తాళం ఉంది. పెద్దాయన అంతా విన్నాడట, చాలా న్యాయంగా ఆలోచించాడట. కొందరికి ఇచ్చి కొందరికి ఇవ్వకపోవడం తప్పేనన్నాడట. అందుకని ఎవరికీ లేదు.

బాయిలర్ బావ ఇంజను దగ్గరికి వచ్చి, మెషీను చప్పుడులో వినబడేలా చెవి దగ్గర చెప్పాడు. "నీ కాలు నువ్వు కాపాడుకో బావా, వద్దన్నదెవరు? మా గొంతులెందుకు పిసికావు?" ఆ తర్వాత ఆ పూటంతా ఇంజను వైపు ఎవరూ చూడలేదు. దుప్పట్ల బండి తోసుకొచ్చినవాడు కావాలని దాన్ని అతని చేతికి అందకుండా దూరంగా నిలిపి వెళ్లాడు. కాలు ఈడ్చుకుంటూ వెళ్లి లాక్కోవాల్సి వచ్చింది.

వదిన ఒక్కతైనా తన పక్షాన ఉంటుందనుకున్నాడు. ఆవిడ కుడి మూల పట్టుకుని, దుప్పటి మీంచి కళ్లెత్తకుండా పనిచేస్తోంది.

"నీ కోసమే మాట్లాడాను వదినా" అన్నాడు.

"నేను అడిగానా?"

"అడక్కపోతే మాత్రం అన్యాయం అన్యాయం కాదా?"

వదిన దుప్పటి రోలర్‌కి అందించి, అప్పుడు అతని వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "నీ కాలు నొప్పెట్టేదాకా నా చెయ్యి కనబడలేదు నీకు. కనబడింది కదా అని పదిమందిలో వేలెట్టి చూపించావు. నా కోసమే అయితే, అప్పట్లో ఒక్కరోజు, ఒక్క పూట, నువ్వు నిలబడి నన్ను కూర్చోమనేవాడివి" అంది.

ఇంజను ఇంకో దుప్పటి తీశాడు.

మధ్యాహ్నానికి ఎవరో ఆగలేక ఉతికిన బట్టల గదిలో దాక్కుని కాల్చారు. ఆరిన దుప్పట్ల మూట ఒకటి లోలోపల రాజుకుంటే, మడతపెట్టే అమ్మాయి పొగ చూసి కేక వేసింది. నాలుగు బకెట్ల నీళ్లతో ఆరిపోయింది. పెద్దాయన గుండె మాత్రం వెంటనే ఆరలేదు. లాండ్రీ అంతా తగలబడితే అన్న ఆలోచన వచ్చేసరికి ఆయన న్యాయం మీద మమకారం వదిలేసుకున్నాడు. సాయంత్రం తాళం తీయించాడు.

శుక్రవారం పొద్దున మేస్త్రి కొత్త రూలు చెప్పాడు. తాగేవాళ్లు మాత్రమే వెళ్లాలి. చేతిలో వెలుగుతున్నది ఉంటేనే గడప దాటాలి, గడప దగ్గర తానే నిలబడి చూస్తాడు. మిగతావాళ్లు ఎవరి చోట వాళ్లుండాలి. చెప్పడం అయ్యాక ఇంజను దగ్గర ఆగి, "నీకు కూర్చోవాలనుంటే తాగు, ఎవరొద్దన్నారు?" అని నవ్వాడు. చుట్టుపక్కలవాళ్లూ నవ్వారు. పోయింది తిరిగి దొరికిన సంతోషంలో వాళ్లు అతన్ని సగం క్షమించేశారు.

సైగ వచ్చేసరికి ఇంజను పిక్క మళ్లీ బిగుసుకుపోయి ఉంది. వేలిలో సూదులు గుచ్చుతున్నాయి. రాత్రి నిద్ర లేదు, పొద్దున భార్యతో మాట లేదు, నాలుగు రోజులుగా నోట్లో లవంగాలు నమిలీ నమిలీ నాలుక మొద్దుబారింది. బావ దగ్గరికి వచ్చాడు. మనసు కరిగినట్టుంది. పెట్టె తెరిచి ఒకటి బయటికి తట్టి, అతని ముందు పట్టాడు.

"రా బావా. వెలిగించు చాలు. పీల్చకు. ఊరికే పట్టుకుని కూర్చో."

ఊరికే పట్టుకోవడం! ఇంజనుకి తన సంగతి తెలుసు. ఆ తెల్లటి గొట్టం వేళ్ల మధ్యకి వస్తే అది నోటిదాకా వెళ్లకుండా ఆపగలిగేవాడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. ఆ ఒక్కటితో మొదలై కాలు ఎక్కడిదాకా వెళ్తుందో కూడా తెలుసు. అన్నీ తెలిసే అతని చెయ్యి దుప్పటి మూల వదిలింది. వెళ్లి కూర్చోవాలి. ఒక్కసారి కూర్చుంటే చాలు, తర్వాత సంగతి తర్వాత. చెయ్యి చాపాడు.

అతని చెయ్యి అందుకోకముందే ఇంకో చెయ్యి దాన్ని అందుకుంది.

వదిన సిగరెట్టు తీసుకుని పెదవుల మధ్య పెట్టుకుంది. తలకిందులుగా పెట్టుకుందని బావ చెప్పాక తిప్పి పెట్టుకుంది. "నిప్పుందా మరిదీ?" అని అడిగింది. బావ అగ్గిపుల్ల గీసి అంటించాడు. ఆవిడ ఒక్క దమ్ము లాగి పొలమారి, కడుపు పట్టుకుని దగ్గి, ముంజేత్తో కళ్లు తుడుచుకుంది. తర్వాత ఆ కుడి భుజం అలా వాల్చుకునే గడప దాకా నడిచింది.

మేస్త్రి అడ్డం నిలబడి, నువ్వు తాగవు కదా వదినా అన్నాడు.

"ఇవాళే మొదలుపెట్టాను. వెలుగుతోందిగా, చూసుకో." ఆవిడ సిగరెట్టు ఆయన ముక్కు దగ్గర పెట్టింది. "ఎంత పీల్చాలో కూడా రూల్లో ఉందా?"

మేస్త్రి అటూ ఇటూ చూశాడు. ఏ రూలు వెతికినా, అది తనే పొద్దున చెప్పిన రూలు. పక్కకి జరిగాడు.

మెషీను తిరుగుతూనే ఉంది. దాని ముందు ఇంజను ఒక్కడే ఉన్నాడు. మొదటి దుప్పటి అందించేసరికి ఎడమ మూల ముందు వెళ్లి, కుడి మూల జారి, అంతా ఏటవాలుగా రోలర్ కింద పడింది. అవతలినుంచి తిట్లు వినబడ్డాయి. రెండోది చేతుల్లో చుట్టుకుపోయింది. అటు ఒక అడుగు, ఇటు ఒక అడుగు, ప్రతి అడుక్కీ పిక్కలో కత్తి దిగుతున్నట్టు ఉంది. తెరిచిన తలుపులోంచి వదిన కనబడుతోంది. బల్ల మధ్యలో చెప్పులు విప్పేసి, కాళ్లు బారచాపుకుని కూర్చుంది. మగవాళ్లంతా ఆ చివరికి సర్దుకున్నారు. సిగరెట్టు ఆవిడ వేళ్ల మధ్య దానంతటదే కాలుతోంది, బూడిద పొడుగ్గా వేలాడుతోంది, ఆవిడ దానికేసి చూడనే లేదు. గోడకి తల ఆనించి కళ్లు మూసుకుంది. కూర్చుని ఉన్న వదినని ఇంజను చూడడం అదే మొదటిసారి.

గాలి తిరిగి ఆ పొగ కాస్త లోపలికి వచ్చింది. ఇంజను దాన్ని దొంగలా పీల్చాడు. పీల్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది, అయినా రెండోసారి కూడా పీల్చాడు.

వదిన తిరిగి వచ్చింది. ఒంటినిండా పొగ వాసన. ఇంజను తన మూల వదిలి, చెమట తుడుచుకుని, బావ ఇంకా బయటే ఉన్నాడా అని చూశాడు. "కాసేపు నేనూ వెళ్లొస్తా వదినా. కాలు నిలవడం లేదు" అన్నాడు.

"నువ్వు తాగకూడదుగా."

"తాగను. ఊరికే పట్టుకుంటా."

"నువ్వా?" అంది వదిన.

ఆ ఒక్క మాటకి అతను ఆగిపోయాడు. ఆవిడ మొహంలో కోపం లేదు, నవ్వూ లేదు. బండిలోంచి తర్వాతి దుప్పటి తీస్తూ చెప్పింది. "మధ్యాహ్నం నేనే వెళ్తాను. రేపూ నేనే. నువ్వెన్నేళ్లు వెళ్లావో అన్నేళ్లూ నేనే వెళ్తాను. నీకు కాలు మిగులుతుంది, నాకు కూర్చోవడం మిగులుతుంది."

ఇది న్యాయం కాదని అనబోయాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఎక్కడ న్యాయం కాదో చూపించడానికి ఒక్క చోటు కూడా దొరకలేదు. పిక్కలో నొప్పి అలాగే ఉంది. దమ్ము కోసం ప్రాణం అలాగే లాగుతోంది. బయటికి వెళ్లడానికి దారి లేదు, కాబట్టి తాగడానికీ దారి లేదు. తన కాలు నిలవాలంటే ఆవిడ కూర్చోవాలి, ఆవిడ కూర్చోవాలంటే తను నిలబడాలి.

బండిలో పెద్ద మంచం దుప్పట్లు వచ్చాయి. వదిన ఒకటి తీసి, రెండు మూలలూ అతనికే ఇచ్చింది.

"చేత్తో పట్టుకోకు, జారిపోతుంది. ఈ మూల మోచేతి కింద పెట్టి బల్లకి అదుము. ఊఁ, గట్టిగా. ఇప్పుడు ఒళ్లంతా అటు వాల్చు."

ఇంజను మోచేయి అదిమాడు. ఒళ్లంతా ఎడమకి వాల్చి, వేళ్ల కొసలతో రెండో మూల లాగాడు. దుప్పటి బిగుసుకుని, ఒక్క ముడత లేకుండా, తిన్నగా రోలర్ కిందికి వెళ్లిపోయింది. అతని కుడి భుజంలో ఎక్కడో కలుక్కుమంది.

"నొప్పెట్టిందా?" అంది వదిన.

"లేదు" అన్నాడు.

"పెడుతుంది" అంది ఆవిడ, తన మూల అందుకుంటూ.